తకిలీ చుట్టూ తిరిగిన చదువు

ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లోనూ పాఠ్యప్రణాళికా పత్రాల్లోనూ ఇవాళ తరచుగా వినిపించే ‘అనుభవాత్మక అభ్యసనం’ అనే మాటకు అర్థం, విద్యార్థి ఒక పనిని స్వయంగా చేసి, చేసినదాన్ని గురించి ఆలోచించి, ఆ ఆలోచనలో నుంచి ఒక సూత్రాన్ని పట్టుకుని, ఆ సూత్రాన్ని మరో పనిలో పరీక్షించి చూసుకుంటూ నేర్చుకోవడం. ఈ నాలుగు దశలనూ ఒక చక్రంగా చూపిస్తూ అమెరికన్ విద్యావేత్త డేవిడ్ కోల్బ్ 1984లో గ్రంథం రాసిన తరువాత ఆ మాట ప్రపంచమంతటా శిక్షణ సంస్థల్లో పాతుకుపోయింది. అంతకు దాదాపు అర్ధశతాబ్దం ముందే, భారతదేశంలో ఆ ఆలోచనను పల్లె పిల్లల ప్రాథమిక విద్యకే పునాది చేయాలన్న ప్రయత్నం జరిగింది. గాంధీజీ, ఆయన సహచరులు దానిని నయీ తాలీం, అంటే కొత్త చదువు, అన్నారు. ప్రభుత్వ కాగితాల్లో అది బేసిక్ విద్య అయింది. తెలుగులో కొందరు మౌలిక విద్య అని రాశారు. ఆ ప్రయత్నం ఎందుకు పుట్టింది, ఎక్కడ నిలిచింది, ఎక్కడ చేజారింది అన్న చరిత్ర తెలియకుండా నేటి అనుభవాత్మక అభ్యసనాన్ని గురించి మాట్లాడడం, పునాది చూడకుండా పై అంతస్తు కట్టడమే అవుతుంది.

పాతకాలపు వీధిబడిని పొగిడే అలవాటు తెలుగువారికి ఉంది గానీ, పని ద్వారా చదువు అనే ఆలోచన అక్కడి నుంచి రాలేదని ఒప్పుకోవలసి ఉంటుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆదేశంపై జరిగిన విచారణలో భాగంగా బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఈ విషయంలో విలువైన సాక్ష్యం. ఎందుకంటే ఆయన తెలుగు వ్యాకరణాన్ని, నిఘంటువును కూడా కూర్చినవాడు, బడిలో వినబడేది ఏమిటో ఆయనకు తెలుసు. ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నారని లెక్క చెబుతూ, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే పద్ధతిని, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే ఏర్పాటును ఆయన మెచ్చుకున్నారు. అయితే వాడుకభాషకు దూరమైన కావ్యభాషలోని పద్యాలను అర్థం తెలియకుండానే పిల్లలు చిలకల్లా వల్లె వేస్తున్నారని కూడా స్పష్టంగా రాశారు. మరోపక్క మగ్గం గుంటలోనూ కొలిమి దగ్గరా వడ్రంగి దూలం మీదా పిల్లలు పనిని చేతితో నేర్చుకుంటూనే ఉన్నారు. చేయి ఒక ఇంట, అక్షరం మరో ఇంట పెరిగాయి. ఆ రెండు ఇళ్ళ మధ్య గోడ కులం.

ఆ గోడలో తలుపు తెరిచే ఒక తొలి ప్రయత్నం తెలుగునాట మచిలీపట్నంలో జరిగింది. బెంగాల్ విభజన తరువాతి స్వదేశీ ఉద్యమంలో, 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర జిల్లాల్లో చేసిన ఉపన్యాస యాత్ర రగిల్చిన ఉత్సాహంతో, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనుకొనగా 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. సర్కారు కొలువుకు గుమాస్తాలను తయారుచేసే చదువు కాకుండా, పుస్తక విద్యతోపాటు నేత, వడ్రంగం వంటి చేతిపనులనూ చిత్రకళనూ ఒకే ఆవరణలో నేర్పాలన్నది దాని సంకల్పం. పత్తి సాగులో ప్రయోగాలు చేసి ‘పత్తి వెంకయ్య’గా పేరుపడిన పింగళి వెంకయ్య అక్కడ బోధించారు, అడివి బాపిరాజు అక్కడే ప్రమోదకుమార చటోపాధ్యాయ వద్ద చిత్రలేఖనం నేర్చుకున్నారు. 1921 ఏప్రిల్‌లో ‘యంగ్ ఇండియా’లో జాతీయ పతాకాన్ని గురించి రాసినప్పుడు గాంధీజీ వెంకయ్యను మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందినవారిగానే పేర్కొన్నారు. అయితే ఆ కళాశాలలో చేతిపని చదువు పక్కన కూర్చుంది గానీ చదువులోకి ప్రవేశించలేదు. నేత నేర్చినవాడు నేత నేర్చాడు, చరిత్ర చదివినవాడు చరిత్ర చదివాడు. నేతలో నుంచే చరిత్ర చెప్పడం అనే మలుపు ఇంకా రాలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1924లో ప్రారంభించిన శిక్షాసత్ర అనే పల్లెపిల్లల బడి ఆ మలుపుకు మరింత దగ్గరగా వచ్చింది.

గాంధీజీ ఆ ఆలోచనకు వచ్చిన దారి పుస్తకాల దారి కాదు. 1910లో జోహన్నెస్‌బర్గ్ సమీపంలో హెర్మన్ కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల టాల్‌స్టాయ్ ఫారంలో సత్యాగ్రహుల పిల్లలకు చదువు చెప్పవలసి వచ్చినప్పుడు, వంట దగ్గర నుంచి పాయిఖానా శుభ్రం వరకు పనులన్నీ అక్కడివారే చేసుకున్నారు; కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ మఠంలో చెప్పులు కుట్టడం నేర్చుకుని వచ్చి గాంధీజీకి నేర్పగా, ఆయన పిల్లలకు నేర్పారు. ఉపాధ్యాయుడు చేయని పనిని పిల్లల చేత చేయించరాదన్న నియమం అక్కడే స్థిరపడింది. తరువాతి చరిత్ర అంతా చూస్తే, నయీ తాలీం బతికిన చోట ఈ నియమం ఉంది, చచ్చిన చోట ఈ నియమం లేదు.

ఆ ఆలోచన 1937లో అకస్మాత్తుగా జాతీయ చర్చగా మారడానికి కారణం, ఇప్పుడు చాలామంది మరిచిపోయిన ఒక ఆదాయపు లెక్క. ఆ సంవత్సరం రాష్ట్రాల్లో అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్ మంత్రివర్గాలు మద్యనిషేధానికి కట్టుబడి ఉన్నాయి; మద్రాసు రాష్ట్రంలో అది 1937లో సేలం జిల్లాలో మొదలై మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. కానీ బడులకు పెట్టే డబ్బులో పెద్దపాలు ఆబ్కారీ నుంచి, అంటే కల్లు సారాయిల మీద వచ్చే పన్ను నుంచే వచ్చేది. తండ్రి తాగితేనే కొడుక్కి చదువు అనే ఈ దుస్థితిని గాంధీజీ భరించలేకపోయారు. పిల్లలు బడిలో ఉత్పత్తి చేసే వస్తువుల విలువ ఉపాధ్యాయుడి జీతానికి సరిపోవాలని, అప్పుడు దేశంలోని ప్రతి పిల్లవాడికీ ఏ పన్ను కోసమూ ఎదురుచూడకుండా చదువు చెప్పవచ్చునని ఆయన ‘హరిజన్’ పత్రికలో వాదించారు. ఇదే స్వయంపోషకత్వం అనే సూత్రం. పథకానికి ఊపు తెచ్చింది ఇదే; చివరకు మెడకు చుట్టుకున్నదీ ఇదే.

1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులోనే ఈ ప్రమాదాన్ని ఇద్దరు గుర్తించారు. బొంబాయి ఆర్థికవేత్త కె.టి. షా, పిల్లల శ్రమతో తయారైన సరుకు పేద చేతివృత్తుల వారితో అంగడిలో పోటీ పడుతుందని, చదువు పేరిట బానిసత్వం వస్తుందని అభ్యంతరం చెప్పారు. ఢిల్లీ జామియా మిలియా నుంచి వచ్చిన జాకిర్ హుస్సేన్, బెర్లిన్‌లో చదివినవారు, పనిబడి సిద్ధాంతాన్ని బోధించిన జర్మన్ విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ ప్రభావం గలవారు. పని ద్వారా చదువు కొత్తదేమీ కాదని, అయితే ఆదాయం మీదే దృష్టి పడితే ఉపాధ్యాయులు పిల్లల చేత వెట్టిచాకిరి చేయించే మేస్త్రీలవుతారని, అప్పుడు తకిలీ, అంటే నూలు వడికే చేతికదురు, పుస్తకం కంటే కూడా ఎక్కువ కీడు చేస్తుందని హెచ్చరించారు. ఆ హెచ్చరిక చేసిన మనిషినే గాంధీజీ పథకం రాసే సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు, అభ్యంతరం చెప్పిన షాను సభ్యుణ్ణి చేశారు. వినోబా భావే, జె.సి. కుమారప్ప, కాకా కాలేల్కర్, కె.జి. సైయిదైన్ తదితరులు ఉన్న ఆ సంఘానికి కన్వీనరు ఇ.డబ్ల్యు. ఆర్యనాయకం. సింహళం నుంచి వచ్చిన ఈ తమిళుడూ ఆయన భార్య ఆశాదేవీ శాంతినికేతన్‌లో పనిచేసి వచ్చినవారు. డిసెంబరు 2 నాటికే నివేదిక సిద్ధమైంది.

ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకు, మాతృభాషలో, ఉచితంగా, నిర్బంధంగా, ఒక చేతిపని కేంద్రంగా చదువు ఉండాలని నివేదిక చెప్పింది. వడకడం-నేత, వడ్రంగం, వ్యవసాయం, పండ్లు-కూరగాయల తోట, తోలుపని, లేదా ఆ ప్రాంతానికి తగిన మరేదైనా పనిని ఎంచుకోవచ్చు. రోజుకు అయిదున్నర గంటల బడిలో చేతిపనికి 3 గంటల 20 నిమిషాలు; సంగీతం, చిత్రలేఖనం, లెక్కలకు కలిపి 40 నిమిషాలు; మాతృభాషకు 40; సాంఘిక, సామాన్య శాస్త్రాలకు 30; వ్యాయామానికి 10, విరామానికి 10. ఏడాదికి 288 రోజుల బడి. ఇంగ్లీషు లేదు. ఈ కాలపట్టికను చూసి, లెక్కలకు ఇంత తక్కువ సమయమా అని నొసలు చిట్లించినవారు ఆనాడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు; వారు గమనించవలసింది, ఆ 3 గంటల 20 నిమిషాలు కేవలం పని చేసే సమయం కాదని, పనిలో నుంచి పాఠం తీసే సమయమని. నివేదికలోని ప్రాణమంతా ‘అనుసంధానం’ అనే భావనలో ఉంది. చేతిపని, చుట్టూ ఉన్న ప్రకృతి, చుట్టూ ఉన్న సమాజం అనే మూడింటిలో ఏదో ఒకదానికి ముడిపడి ప్రతి పాఠమూ పుట్టాలన్నది దాని అర్థం.

ఆ ముడి ఎలా పడుతుందో తెలియాలంటే తకిలీని దగ్గరగా చూడాలి. సన్నని కడ్డీ, దాని కింది కొసకు దగ్గరగా బరువు కోసం గుండ్రని బిళ్ళ, పై కొసన దారం తగిలించే చిన్న కొక్కెం, ఇంతే ఆ పనిముట్టు. రాట్నానికి పట్టేంత చోటూ ఖర్చూ దీనికి అక్కర లేదు కనుకనే గాంధీజీ దీనిని చిన్నపిల్లల చేతికి ఎంచారు. ఏడేళ్ళ పిల్ల ఎడమచేతి వేళ్ళ మధ్య ఏకును, అంటే ఏకిన దూదిని పొడవుగా చుట్టిన వత్తిని, పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో చూపుడువేలితో తకిలీని గిర్రున తిప్పుతుంది. తకిలీ తిరుగుతుంటే దూదిపోగులు మెలిపడి దారమై సాగుతాయి. వేలి పట్టు వదులైతే దారం లావవుతుంది, చేయి తొందరపడితే సన్నబడి తెగుతుంది. దారం తెగిన ఆ క్షణమే ఉపాధ్యాయుడికి పాఠం మొదలయ్యే క్షణం. పొడిగా ఉన్న రోజున ఎందుకు ఎక్కువసార్లు తెగింది, గాలిలో తేమకూ దూదిపోగు బలానికీ సంబంధం ఏమిటి, తేమగాలి ఉండే లాంకషైర్‌లో నూలుమిల్లులు ఎందుకు వెలిశాయి, ఆ మిల్లుబట్ట ఢాకా మస్లిన్‌ను, మన సాలెవాడల్లోని మగ్గాలను ఏం చేసింది అని ప్రశ్న మీద ప్రశ్న పేర్చుకుంటూ పోతే, విజ్ఞానశాస్త్రం భూగోళమై, భూగోళం చరిత్ర అవుతుంది.

లెక్కలదీ అదే దారి. నేతగాళ్ళు ‘ఇరవై నంబరు నూలు’, ‘నలభై నంబరు నూలు’ అంటారు. ఒక పౌను బరువు తూగడానికి 840 గజాల చిలపలు ఎన్ని పడితే ఆ నూలు అన్నో నంబరు. ఇరవై నంబరు నూలు పౌనుకు 16,800 గజాలు సాగుతుంది. ఖాదీ బడుల్లో నాలుగడుగుల చుట్టును ఒక తారగా, 640 తారలను ఒక గుండీగా లెక్కించేవారు. గుండీ అంటే 2,560 అడుగులు, సుమారు 853 గజాలు, చిలపకు దాదాపు సమానం. తాను వడికిన దారాన్ని చుట్లుగా లెక్కపెట్టి, చిన్న త్రాసులో తూచి, నంబరు కట్టి, నిన్నటి వేగంతో పోల్చి గీత గీసుకునే పిల్లకు గుణకారం, భాగహారం, సరాసరి ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు. పుస్తకంలో ఏ పాఠానికీ అందని ఊరి జ్ఞానం కూడా ఈ దారినే బడిలోకి రాగలదు: శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముక పళ్ళతో పత్తిని దువ్వి, ఆ పత్తితో అతి సన్నని నూలు వడికే స్త్రీల నేర్పు ఏ పరీక్షలోనూ ప్రశ్నగా రాలేదు.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. చేతిపని నేర్పడం అనగానే సాలెవాడి బిడ్డకు మగ్గం, మాదిగ బిడ్డకు తోలు అనే అర్థం ఈ దేశంలో తేలికగా వచ్చిపడుతుంది. వార్ధా పథకం దానికి సరిగ్గా ఎదురుగా నిలిచింది. ఏ ఇంటి బిడ్డ అయినా అదే తకిలీ పట్టాలి, అదే చీపురు పట్టాలి, అదే పాయిఖానా కడగాలి, పని పట్ల ఏవగింపును చదువుకున్నవాడి వేళ్ళ నుంచే తుడిచివేయాలి అన్నది దాని ఉద్దేశం. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం, పిల్లలను రోజులో కొన్ని గంటలే బడిలో ఉంచి మిగతా సమయం తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకోవాలని చెప్పినప్పుడు, అది కులవృత్తిని తిరిగి నెత్తిన రుద్దడమేనని పెరియార్ తదితరులు తీవ్రంగా ఎదిరించారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది రద్దయింది. ఆ ఎదిరింపు న్యాయమైనదే. చేతిపని పేరుతో వచ్చే ఏ పథకాన్నయినా అణగారిన కులాలవారు అనుమానంగా చూడడానికి కారణం చరిత్రలోనే ఉంది. ఆ అనుమానం తీర్చే బాధ్యత పథకం పెట్టేవారిది.

1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెస్ పథకాన్ని ఆమోదించడంతో దానిని నడిపేందుకు హిందుస్థానీ తాలీమీ సంఘ్ ఏర్పడింది. ఉపాధ్యాయ శిక్షణ వార్ధాలో మొదలైంది, 1939లో బీహారు చంపారణ్‌లో ఒక ప్రాంతమంతటా బేసిక్ బడులు తెరిచారు, కాశ్మీరులో విద్యాశాఖ డైరెక్టరుగా వెళ్ళిన సైయిదైన్ అక్కడ ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. మధ్యపరగణాల ప్రభుత్వం తన బడులకు ‘విద్యామందిర్’ అని పేరు పెట్టడం ముస్లిం లీగ్ నిరసనకు కారణమై, 1938లో ఆ లీగ్ వెలువరించిన పీర్పూర్ నివేదికలో వార్ధా పథకం కూడా ఫిర్యాదుల పట్టికకు ఎక్కింది. ఒక ముస్లిం విద్యావేత్త రూపొందించిన పథకానికి ఈ గతి పట్టడం బాధాకరం. 1939 చివర మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, 1941లో ఒరిస్సా ప్రభుత్వం తన బేసిక్ బడులను మూసివేసింది, 1942లో కార్యకర్తలు చాలామంది జైళ్ళకు వెళ్ళారు.

జైలు నుంచి వచ్చిన గాంధీజీ 1945 జనవరిలో వార్ధా దగ్గరి తన ఆశ్రమం సేవాగ్రాంలో జరిగిన సదస్సులో నయీ తాలీంను పుట్టుక నుంచి చావు వరకు సాగే చదువుగా విస్తరించారు. ఆ తరువాతి కొన్నేళ్ళే ఈ చరిత్రలో అన్నిటికన్నా నిండైన కాలం. ఇంగ్లండు నుంచి వచ్చి భారతీయురాలైన మార్జోరీ సైక్స్ అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. దేవీప్రసాద్ పిల్లలకు చిత్రకళ నేర్పారు. వంటిల్లే అక్కడ పెద్ద ప్రయోగశాల: ఎంతమందికి ఎంత ధాన్యం, ఏ కూరలో ఏ పోషకం, తోటలో పండినదెంత, కొన్నదెంత అని లెక్క చూసి వండి వడ్డించేది విద్యార్థులే. పథకం విజయవంతమైందని చెప్పదగిన రుజువు ఏదైనా ఉంటే ఆ ఆవరణలోనే ఉంది. అక్కడ ఉపాధ్యాయులు విద్యార్థులతోపాటు చేశారు గనుక.

స్వాతంత్ర్యం తరువాత బేసిక్ విద్య ప్రభుత్వ విధానమైంది, అప్పటి నుంచే అది చిక్కిపోవడం మొదలైంది. బడుల బోర్డులు మారాయి. వడకడం ఎప్పుడూ ఇష్టంగా చేయని ఉపాధ్యాయులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి పంపారు. దూది సమయానికి రాలేదు, వడికిన నూలు అమ్ముడు పోలేదు. అనుసంధానం తెలియనివారు తకిలీకి ముడిపడని పాఠాన్ని కూడా బలవంతంగా ముడిపెట్టారు, లేదా ముడి పెట్టడమే మానేశారు. చివరకు కాలపట్టికలో ఒక మూల క్రాఫ్టు పీరియడు మిగిలింది, దానికొక క్రాఫ్టు మాస్టారు మిగిలారు. పట్నాల్లోని ఇంగ్లీషు బడులు ఈ విధానం జోలికే రాలేదు. అందుచేత బేసిక్ బడి అంటే పేదవాడి బడి అయింది, పేదవాడు కూడా తన బిడ్డకు అది వద్దన్నాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. అందరి పిల్లలకూ అని చెప్పి కొందరి పిల్లలకే అంటగట్టిన చదువును ఏ తండ్రి అయినా తిరస్కరిస్తాడు.

1966లో కొఠారి విద్యా కమిషన్, బేసిక్ విద్యలోని మూలసూత్రాలు అన్ని స్థాయులకూ వర్తించాలని చెబుతూనే, ఏ ఒక్క దశకూ బేసిక్ అనే పేరు అవసరం లేదంది. ‘పని అనుభవం’ అనే మాట తెచ్చింది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ దానిని ‘సమాజోపయోగ ఉత్పాదక కృషి’గా మార్చింది. 2020 జాతీయ విద్యావిధానం అనుభవాత్మక అభ్యసనాన్ని అన్ని దశల్లోనూ కోరింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలు ఊళ్ళోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్చుకునేందుకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలని సూచించింది. హైదరాబాదులోని మహాత్మా గాంధీ జాతీయ గ్రామీణ విద్యా మండలి నయీ తాలీంను ఉపాధ్యాయ విద్యలోకి తిరిగి తేవడానికి కృషి చేస్తోంది. ఇవన్నీ స్వాగతించవలసినవే. కానీ పది రోజులు రుచి చూడడానికి చాలుతాయి, నేర్చుకోవడానికి చాలవు. 1937 నివేదిక రోజుకు 3 గంటల 20 నిమిషాలు అడిగింది, అడిగినందుకు కారణం ఉంది. పని మీద చేయి కుదిరేదాకా ఆ పని ప్రశ్నలు పుట్టించదు. అంతకన్నా ముఖ్యంగా, ఉపాధ్యాయుడి చేయి ముందుగా కుదరాలి. శిక్షణ కళాశాలలో ఉపన్యాసం విని అనుభవాత్మక అభ్యసనం నేర్చుకున్న ఉపాధ్యాయుడు, పిల్లలకు కూడా దానిని ఉపన్యాసంగానే చెబుతాడు.

సేవాగ్రాంలో ఆ పాత ఆవరణలోనే 2005లో ఆనంద్ నికేతన్ పాఠశాల మళ్ళీ తెరుచుకుంది. పిల్లలు అక్కడ కూరగాయలు పండిస్తున్నారు, వండుతున్నారు, నూలు వడుకుతున్నారు. కాజీపేట, బల్లార్షా మీదుగా ఢిల్లీ వెళ్ళే తెలుగువారి రైళ్ళు నాగపూరు చేరడానికి ముందు సేవాగ్రాం స్టేషను దాటే పోతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధ్యాయ శిక్షణకు పాఠ్యాంశాలు రాసేవారు ఒక్కసారి ఆ స్టేషనులో దిగి, కొన్నాళ్ళు ఆ పిల్లలతో కూర్చుని దారం తీసి, ఆ తరువాత రాయాలి.